తొట్రుపాటుకో ఉదాహరణ

ఆ ఉదయం ఆరో తరగతి పిల్లలంతా వరండాలో తడబడుతూ నడుస్తున్నారు. ఒకడు తన కాలికి తానే అడ్డం పడుతున్నాడు. ఇంకొకడు చేతిలో లేని గ్లాసు జారవిడిచి, ఒలకని నీళ్ళు తుడుస్తున్నాడు. కొత్త టీచరు గోడవార నిలబడి, ఒక్కొక్కరి నడక అయ్యాక మిగతావాళ్ళ వైపు తిరిగి, "ఇది తొట్రుపాటేనా? ఔనా, కాదా?" అని అడుగుతోంది.

పిల్లలు జడ్జీల్లా తీర్పులు చెబుతున్నారు. అందర్నీ నవ్విద్దామని దభీమని పడినవాణ్ణి "కాదు" అని కొట్టిపారేశారు. తొట్రుపాటు కావాలని తెచ్చుకునేది కాదట.

సరిగ్గా అప్పుడే మూల మలుపు తిరిగి లెక్కల మాస్టరు వచ్చాడు. చంకలో బోర్డు మీద వృత్తాలు గీసే పెద్ద చెక్క కంపాస్, దాని కింద మూలమట్టం, చేతుల్లో దిద్దిన పేపర్ల కట్ట. ఎదురుగా తూలుతున్న పిల్లల్ని చూసి ఒక పక్కకి తప్పుకోబోయాడు. ఆ పక్కన టీచరు ఉంది. కంగారుగా ఇటు జరిగాడు. ఇటు గ్లాసులవాడు ఉన్నాడు. అంతే, కంపాస్ ఒక దిక్కు, మూలమట్టం ఒక దిక్కు, పేపర్లు నాలుగు దిక్కులా.

పిల్లలు కింద పడినవాటినీ, మాస్టర్నీ మార్చి మార్చి చూశారు. ఆ తర్వాత క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో, "ఔను" అంది.

టీచరు పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది. నవ్వు పొంగే పాలలాంటిది, మూత పెడితే ఆగుతుందా?

"ఇక్కడ జరుగుతున్నది క్లాసా, సర్కసా?" అన్నాడతను, మోకాళ్ళ మీద కూర్చుని పేపర్లు ఏరుకుంటూ.

"క్లాసేనండి. ఇందాకటి నుంచీ మంచి ఉదాహరణ దొరక్క ఇబ్బంది పడుతున్నాం."

అన్నాక తనే ఆశ్చర్యపోయింది. నలుగురిలో నోరు విప్పాలంటే ముందు మనసులో మూడుసార్లు చెప్పుకునే మనిషి ఆమె. ఈ మాట ఎవరినీ అడక్కుండా దానంతట అదే బయటికి వచ్చేసింది. అతను చెవులు కందిపోయి, కంపాస్‌ని చంకలో ఇరికించుకుని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక గోడ పక్కన ఒక పేపరు, కంపాస్ కాళ్ళని బిగించే చిన్న ఇత్తడి మర మిగిలాయి. రెండూ తీసి దాచింది. సాయంత్రంలోపు ఇచ్చేద్దామనుకుంది.

సాయంత్రంలోపు ఇంకొకటి జరిగింది. పెద్ద మేడం పిలిచారు.

పెద్ద మేడం ఆ బడికి హెడ్మిస్ట్రెస్. పది మాటలు కావలసిన చోట రెండే వాడతారు. ఆరో తరగతి లెక్కల మార్కులు బాగా లేవనీ, తనకి రోజుకి ఇంకో పీరియడ్ కావాలని లెక్కల మాస్టరు అడుగుతున్నాడనీ, టైంటేబుల్లో తీయగలిగింది కథల పీరియడ్ ఒక్కటేననీ చెప్పారు.

కథల పీరియడ్ అంటే పిల్లలు పెట్టుకున్న పేరు. పిల్లలు పాఠాలు గడగడా చదువుతారు గానీ చదివిందేమిటో చెప్పలేరు. ముందు మాటలు నేర్పి, ఆ తర్వాత కథ చదివించి, ఆ జబ్బు కుదర్చడానికే ఆమెని తీసుకున్నారు. ఆ పీరియడ్ పోతే ఆ బడిలో ఆమెకి పనే ఉండదు.

ఆమె ముఖం చూసి పెద్ద మేడం ఇంకో రెండు మాటలు ఖర్చుపెట్టారు. వానలు వెనకపట్టేలోగా తనే ఒక కథ తెస్తారట. పిల్లలు కనీవినీ ఎరగని కథ. వాళ్ళకది అర్థమైతే పీరియడ్ టీచరుది, కాకపోతే లెక్కలది.

ఆమె బయటికి వచ్చింది. ఊరి బడిలో చదువుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఒక పాఠంలో దీపస్తంభం అనే మాట వచ్చింది. సముద్రం ముఖం ఎరగని పిల్ల, వీధి చివర లైటు స్తంభం అనుకుంది. వీధి లైటు ఆరిపోతే ఓడ ఎందుకు పగిలిందో, కాపలావాడు ఎందుకంత ఏడ్చాడో ఎంతకీ అర్థం కాలేదు. అడగడానికి సిగ్గు. పాఠం మొత్తం అప్పజెప్పి, శభాష్ అనిపించుకుని, ఇంటికెళ్ళి దిగులుగా కూర్చుంది. తన క్లాసులో ఏ పిల్లా అలా కూర్చోకూడదని అప్పటి నుంచీ ఆమె పట్టుదల.

ఇత్తడి మర ఆ రోజు ఇవ్వలేదు. తన పీరియడ్‌కి ఎసరు పెట్టినవాడికి మర ఒకటే తక్కువా?

ఇంటికి వచ్చాక ఆ పేపరు తీసి చూసింది. ఒక తోట పొడవు, వెడల్పు ఇచ్చి, దానికి కంచె వేయాలంటే ఎంత తీగ కావాలని లెక్క. పొడవుని వెడల్పుతో పెట్టి గుణించారు. గుణకారం తప్పు లేదు. జవాబు మాత్రం తప్పు. పక్కన ఎర్ర సిరాతో "అజాగ్రత్త" అని ఉంది.

మర్నాడు కంచె అంటే ఏమిటని క్లాసులో అడిగింది. ముందు బెంచీలో ఒక పిల్ల ఉంది, ప్రతిదానికీ వాదిస్తుందని అందరూ వకీలు అంటారు. వకీలు లేచి, "తోటంతా పరుస్తారు టీచర్, గడ్డి లాగా" అంది. ఇంకొకడు కాదని, పక్షులు రాకుండా పైన కప్పే వల అన్నాడు. క్లాసు రెండు పార్టీలైంది. ఎవరి పార్టీ గెలిచినా గుణించాల్సిందే మరి. మేడ మీద మేడ ఉన్న ఇళ్ళలో పెరిగిన పిల్లలు. తోట ఎక్కడ, కంచె ఎక్కడ?

ఆమె ఆ పేపరు పట్టుకుని లెక్కల మాస్టరు గది ముందు నిలబడింది. లోపలికి వెళ్ళేముందు చెప్పాల్సింది మనసులో మూడుసార్లు చెప్పుకుంది.

"పిల్లలకి గుణకారం వచ్చు మాస్టారూ. కంచె రాదు."

అతను పేపరు తీసుకుని చాలాసేపు చూశాడు. కోప్పడతాడనుకుంది. ఎర్ర సిరా పెన్ను మూత తీసి, "అజాగ్రత్త" అన్న మాటని కొట్టేశాడు. పక్కన "తప్పు నాది" అని రాశాడు.

ఆ మర్నాడు తన పీరియడ్‌లో పిల్లల్ని ఆటస్థలం చివరికి తీసుకెళ్ళాడు. అక్కడ తీగ కంచె ఉంది, ఇన్నాళ్ళూ దాన్ని అందరూ "ఆ తీగ" అనే అన్నారు. కంచె పట్టుకుని చుట్టూ నడవమన్నాడు. టీచర్నీ రమ్మన్నాడు. నడుస్తూ నడుస్తూ వకీలు హఠాత్తుగా ఆగిపోయి, నెత్తి కొట్టుకుంది. "అయితే కూడాలి కదా సార్" అంది. అప్పుడతని ముఖంలో విరిసిన నవ్వు చూసి టీచరుకి ఒక చిక్కు వచ్చిపడింది. అతన్ని అహంకారి అని తను తేల్చేసి ఉంది. అహంకారి ఇలా నవ్వుతాడా? ఔనా, కాదా?

అప్పటి నుంచీ అతను కథల పీరియడ్‌కి వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. పిల్లల బెంచీ కాబట్టి మోకాళ్ళు గడ్డానికి తగులుతుండేవి. ఎందుకొస్తున్నాడో ఆమెకి అంతుబట్టలేదు. లోపాలు పట్టడానికా? ఒక రోజు అడిగేసింది. నేర్చుకుందామని, అన్నాడు. అది వెటకారమో నిజమో కూడా తెలియలేదు.

వాదించడానికి మాత్రం వచ్చేవాడు, అది ఖాయం. కథకి ముందు ఆమె కొన్ని మాటలు ఎంచుకుని, ఒక్కోదాన్నీ ఔనా కాదా అని అటూ ఇటూ తిప్పి, పిల్లల చేత వాళ్ళ ఇంట్లోంచి, వీధిలోంచి ఉదాహరణలు తెప్పించేది. అది అతనికి సగమే నచ్చింది.

"అన్నీ మీరే నమిలి పెడితే వాళ్ళు నమలడం ఎప్పుడు నేర్చుకుంటారండీ? తెలియని మాట వస్తే దాన్ని ఎక్స్ అనుకోమనండి. ముందేముంది, వెనకేముంది చూసి కనుక్కుంటారు."

"చుట్టూ ఉన్నవి దారి తప్పిస్తే?"

"చుట్టూ ఉన్నవి అబద్ధం చెప్పవు."

"కంచె సంగతి మర్చిపోయారా?" అందామె. అతను బుర్ర గోక్కున్నాడు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. శుక్రవారం పీరియడ్‌లో ఆఖరి సగం అతనిది. తెలియని మాటని ఎక్స్ అనుకుని వేటాడటం నేర్పుతాడు. ఊహ తప్పితే ఏం చేయాలో ఆమె నేర్పుతుంది. పిల్లలకి ఇదంతా పండగలా ఉంది. ఒకే క్లాసులో ఇద్దరు పెద్దవాళ్ళు పోట్లాడుకుంటుంటే చూడటం ఇంట్లో తప్ప ఎక్కడ దొరుకుతుంది?

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. సన్నగా మొదలై, చూస్తుండగానే గేటు కనపడకుండా చేసేసింది. ఆమె వరండాలో నిలబడి ఉంటే అతను వచ్చి గొడుగు చేతిలో పెట్టాడు. తనకి ఇంకోటి ఉందన్నాడు. గేటు దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. అతను తల మీద మూలమట్టం పెట్టుకుని వానలో పరిగెడుతున్నాడు. మూలమట్టం ఎంత వానని ఆపుతుందో లెక్కల మాస్టరుకి తెలియదా?

ఆ రాత్రి ఆమె గొడుగు ఆరబెట్టింది. దాని పక్కనే ఇత్తడి మర పెట్టింది. మర ఇంకా ఇవ్వలేదు. కోపం పోయి చాలా రోజులైంది, అయినా ఇవ్వలేదు. అది లేక అతను గీసే వృత్తాలు కోడిగుడ్లలా వస్తున్నాయని పిల్లలు నవ్వుకుంటున్నారు కూడా. మరి ఎందుకు ఇవ్వడం లేదు? అద్దం ముందు జడ విప్పుకుంటూ తనని తానే అడిగింది. పంతమా? కాదు. మరుపా? కాదు. ఊళ్ళో మాటలన్నిటికీ అర్థం చెప్పే మనిషికి తన మాట ఒక్కటి దొరకలేదు.

మర్నాడు వాన మళ్ళీ వస్తుందని బాబాయి బండి మీద వచ్చాడు. వాళ్ళ నాన్నకి ఆఖరి తమ్ముడు అతను, వయసులో ఆమెకంటే నాలుగేళ్ళే పెద్ద. బస్సుల డిపోలో మెకానిక్. చలవ కళ్ళద్దాలు పెట్టుకుని, క్రాఫు ఎగదువ్వుకుని, గేటు ముందు బండి ఆపి హారన్ కొట్టాడు. పిన్ని కూర మాడ్చిన కబురేదో చెప్పి నవ్విస్తుంటే, ఆమె అతని భుజం మీద ఒక్కటిచ్చి వెనక కూర్చుంది. వానలు తగ్గేదాకా రోజూ వస్తానన్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా.

ఆ మర్నాటి నుంచే లెక్కల మాస్టరు మారిపోయాడు.

గొడుగు తిరిగిస్తే తీసుకుని, "థాంక్స్ మేడం" అన్నాడు. అప్పటిదాకా టీచర్‌గారూ అనేవాడు. ఈ మేడం ఎక్కడి నుంచి ఊడిపడింది? చివరి బెంచీ ఖాళీ అయింది. శుక్రవారం తన సగం పీరియడ్‌కి వచ్చి, పాఠం చెప్పి, ఒక్క వాదనైనా పెట్టుకోకుండా వెళ్ళిపోయాడు. పిల్లలు కూడా నిరుత్సాహపడ్డారు.

తను ఏమైనా అందా? రోజులన్నీ వెనక్కి తిప్పి చూసుకుంది. ఏమీ దొరకలేదు. దొరికితే బాగుండేది. తప్పు చేశానని తెలిస్తే దిద్దుకోవచ్చు, ఏ తప్పూ కనపడకపోతే దేన్ని దిద్దుకోవాలి? కొన్నిసార్లు పాఠం మధ్యలో తలుపు గొళ్ళెం కదిలినట్టనిపించేది. చూస్తే ఎవరూ ఉండరు.

బాబాయి కూడా కనిపెట్టాడు. "ఏమ్మా, బండి ఎక్కాక ఎదర చూస్తావా, అద్దంలో వెనక్కి చూస్తావా? బడి ఎక్కడికీ పారిపోదులే" అన్నాడు.

ఆ వారంలోనే, పెద్ద మేడం గది కిటికీలోంచి లెక్కల మాస్టరు కనిపించాడు. బల్ల మీద టైంటేబుల్ పరిచి ఉంది. అతను కథల పీరియడ్ గడి మీద వేలు పెట్టి ఏదో గట్టిగా చెబుతున్నాడు. తర్వాత రోజు మళ్ళీ అదే గదిలో, అదే గడి మీద అదే వేలు. ఆమెకి ఒక్కసారిగా చిక్కుముడంతా విడిపోయినట్టనిపించింది. అదన్నమాట. చివరి బెంచీలో కూర్చున్నది ఇందుకన్నమాట. లోటుపాట్లు చూసుకున్నాడు, పని అయిపోయింది, మేడం అని దూరం పెట్టాడు. గొడుగు మాత్రం ఈ లెక్కలో ఎక్కడా ఇమడలేదు. అయినా దాన్ని పక్కన పెట్టేసింది.

నేరుగా పెద్ద మేడం దగ్గరికి వెళ్ళింది. ఈసారి మనసులో ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. పీరియడ్ కోసం ఆయన మీ చుట్టూ ఎంత తిరిగినా, అనుకున్న రోజు దాకా నా పిల్లలకి అవకాశం ఇవ్వండి, అంది. పెద్ద మేడం కళ్ళజోడు పైనుంచి ఆమెని వింతగా చూశారు. "ఇస్తాను" అన్నారు. అంతకుమించి ఒక్క మాట కూడా ఖర్చుపెట్టలేదు.

అనుకున్న రోజు రానే వచ్చింది. బయట మబ్బు కమ్మి ఉంది. పెద్ద మేడం టీచరు కుర్చీలో కూర్చున్నారు. లెక్కల మాస్టర్ని కూడా రమ్మన్నారు కాబట్టి అతను చివరి బెంచీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఆ పీరియడ్ అయ్యాక అతనికి ఏడో తరగతి ఉంది, కంపాస్, మూలమట్టం బెంచీ అంచున ఉన్నాయి. టీచరు కిటికీ దగ్గర నిలబడింది. ఒక్క మాట కూడా అందించకూడదని షరతు.

కథ తాళాలు చేసే ఒకాయనది. పక్కింటాయన రోజూ పొద్దున్నే ఈయన గుమ్మం దాకా వచ్చి, సంకోచించి, వెనక్కి వెళ్ళిపోతుంటాడు. దొంగతనానికే చూస్తున్నాడని తాళాలాయన పెద్ద తాళం వేస్తాడు, తర్వాత ఇంకా పెద్దది. చివరికి ఒక గాలివానలో ఇంటి కప్పు ఎగిరిపోతుంది. నీ కప్పు రేకు వదులైందని చెబుదామనే రోజూ వచ్చాను, తాళాలు చూసి భయపడ్డాను, అంటాడు పక్కింటాయన. తన అపోహకి తాళాలాయన తల దించుకుంటాడు.

పిల్లలు మనసులో చదువుకున్నారు. పెద్ద మేడం ఒక్కో ప్రశ్నే వేశారు. సంకోచం చెప్పారు. వదులైన రేకు సంగతి చెప్పారు. తాళం పెద్దదవుతున్న కొద్దీ పక్కింటాయన ఎందుకు ఎక్కువ భయపడ్డాడో కూడా చెప్పారు.

"అపోహ అంటే?" అన్నారు పెద్ద మేడం.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మాట టీచరు ఎన్నడూ నేర్పలేదు. ఇంత పెద్ద భాషలో ఎన్ని మాటలని ముందే నేర్పుతుంది? నేర్పనిదే అడిగారు. వీధి లైటు ఆరిపోయి, ఓడ పగిలి, ఎందుకో తెలియని ఒక పిల్ల దిగులుగా కూర్చున్న సాయంత్రం మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది.

వకీలు లేచింది. "మాకు ఆ మాట తెలీదు మేడం" అంది.

పెద్ద మేడం తలూపి, పేజీ తిప్పబోయారు.

"ఆగండి మేడం. ఎక్స్ అనుకుంటాం."

అంతే, బెంచీ బెంచీ గుసగుసలాడింది. ముందు ఏముంది? దొంగ అనుకున్నాడు. వెనక ఏముంది? తల దించుకున్నాడు. అయితే ఎక్స్ అంటే తప్పు, అన్నాడు గ్లాసులవాడు. వకీలు ఒప్పుకోలేదు. లెక్క తప్పు చేస్తే దాన్ని అపోహ అనగలమా? కాదు. రేకు వదులుగా బిగించడం తప్పే, అది అపోహా? కాదు. టీచరు నేర్పిన ఆట వాళ్ళే ఆడుకుంటున్నారు. ఒకరు పెట్టింది ఇంకొకరు కొట్టేస్తూ, కొట్టేస్తూ, చివరికి వకీలు గొంతు సవరించుకుంది.

"ఎదుటి మనిషి గురించి మేడం. చూసింది చూసి, ఆ మనిషిని అడక్కుండా, లేనిది నిజమని నమ్మేయడం."

పెద్ద మేడం కథ కాగితం బల్ల మీద పెట్టారు. ఆ ముఖంలో నవ్వు కనపడటం చాలా అరుదు, ఇప్పుడు కూడా పూర్తిగా కనపడలేదు. "కథలో లేని ఉదాహరణ ఒకటి చెప్పు" అన్నారు.

వకీలు ఆలోచించింది. ఎక్కువసేపు ఏమీ ఆలోచించలేదు.

"మా లెక్కల మాస్టారు మేడం. టీచర్‌గారిని రోజూ బండి మీద తీసుకెళ్ళే ఆయన ఎవరని మమ్మల్ని అడిగారు. మాలో ఎవరో, కాబోయే పెళ్ళికొడుకేమో అన్నారు. సార్ నమ్మేశారు. అప్పటి నుంచి రోజూ మా తలుపు దాకా వచ్చి, గొళ్ళెం మీద చెయ్యి పెట్టి, వెనక్కి వెళ్ళిపోతున్నారు. కానీ నిన్న గేటు దగ్గర టీచర్ ఆయన్ని బాబాయ్ అని పిలవడం నేను విన్నాను. కాబట్టి అది అపోహ."

టీచరు చేతిలో సుద్దముక్క విరిగింది. కిటికీ బయట ఏమున్నదో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది గానీ, దానివైపే తిరిగి నిలబడింది. రోజూ గొళ్ళెం కదిలింది నిజమేనన్నమాట. మరి టైంటేబుల్ మీద వేలు? ఏది దేనికి అర్థమో ఒకదానితో ఒకటి అతకడం లేదు.

పెద్ద మేడం కళ్ళజోడు తీసి, చివరి బెంచీ వైపు చూశారు. "ఏం మాస్టారూ, ఔనా, కాదా?"

అతను ఒక్క ఉదుటున లేచాడు. అది పిల్లల బెంచీ అని మర్చిపోయాడు. మోకాళ్ళు పైపలకకి తగిలాయి, బెంచీ ఊగింది, కంపాస్ ఒక దిక్కు, మూలమట్టం ఒక దిక్కు.

"తొట్రుపాటు" అన్నాడు గ్లాసులవాడు, నేర్చుకున్నది మర్చిపోలేదని చూపించడానికి.

"ఔను" అంది క్లాసు.

"ఔను" అన్నాడతను కూడా, అయితే మొదటి ప్రశ్నకి.

పెద్ద మేడం లేచారు. తలుపు దాకా వెళ్ళి ఆగారు. "పీరియడ్ ఎక్కడికీ పోదు" అన్నారు. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఇంకో ఉదాహరణ నా దగ్గరుంది అమ్మాయ్. ఇతను ఆ పీరియడ్ నాకొద్దు, ఆమె దగ్గరే ఉంచండి అని రోజూ నా ప్రాణం తీస్తుంటే, కావాలని అడుగుతున్నాడని నువ్వు నా మీదికొచ్చావు. అది కూడా అదే మాట" అన్నారు. ఒకే రోజు అన్ని మాటలు పెద్ద మేడం వాడగా ఆ బడిలో ఎవరూ వినలేదు.

బడి వదిలేసరికి వాన మొదలైంది. పిల్లలు ఒక్కొక్కరే గొడుగుల కింద కరిగిపోయారు. వరండాలో చివరికి వాళ్ళిద్దరే మిగిలారు. ఇద్దరూ వాననే చూస్తున్నారు, ఎప్పుడూ చూడనట్టు.

ఆమె సంచీలోంచి ఇత్తడి మర తీసి అరచెయ్యి చాచింది. "ఇది మీది. మొదటి రోజే దొరికింది. ఎందుకివ్వలేదో నాకు తెలీదు."

"మీ దగ్గరుందని నాకు ఆ రోజే తెలుసు. మీరు తీసి దాచడం మలుపు దగ్గర నుంచి చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇచ్చేస్తారు కదా. ఇచ్చేశాక ఇంకెందుకు రావాలి మీ క్లాసుకి?"

ఆమెకి మళ్ళీ తికమక. ఇది సంకోచమా, మొహమాటమా, ఇంకేదైనానా? ఇన్నాళ్ళూ కోడిగుడ్లు గీసుకుంటూ గడిపాడా ఈ మనిషి? నవ్వొచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. రెండూ ఒకేసారి వస్తే దాన్నేమంటారో తెలియలేదు.

"ఒక మాట అడుగుతాను మాస్టారూ, ఆట లాగా. ఒకాయన గొడుగు ఎవరికో ఇచ్చేసి, తను మూలమట్టం నెత్తిన పెట్టుకుని తడిశాడు. దాన్నేమంటారు?"

"జలుబంటారు. వారం రోజులుంది."

"చుట్టూ చూసి చెప్పండి."

అతను చుట్టూ చూశాడు. తడిసిన మెట్లు, ఖాళీ బెంచీలు, అరచేతిలో ఇత్తడి మర పట్టుకుని నిలబడిన ఆమె. "వద్దండీ. చుట్టూ చూసి ఊహించి ఒకసారి దెబ్బతిన్నాను. చుట్టూ ఉన్నవి అబద్ధం చెప్పవని అన్నది నేనే, నాకే బుద్ధొచ్చింది. ఈ ఒక్క మాటకీ అర్థం మీ పద్ధతిలో ముందే చెప్పేయండి. తర్వాత కథ ఎంత పొడుగున్నా చదువుకుంటాను."

ఆమె మనసులో చెప్పుకుంది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి ఓపిక లేకపోయింది.

"నేనూ తలుపు వైపే చూస్తూ పాఠం చెప్పేదాన్ని. చాలా?"

అతను తల ఊపాడు. గొడుగు తెరవబోతే అది తిరగబడింది. ఆమె సరిచేసి ఇచ్చింది.

గేటు దాకా ఒకే గొడుగు కింద నడిచారు. అక్కడ బాబాయి బండి పక్కన చెట్టు కింద నిలబడి, రుమాలుతో చలవ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. వచ్చే ఇద్దర్నీ పైనుంచి కిందికి చూశాడు. మాస్టరు ఎడమ భుజం మొత్తం తడిసింది. ఆమె కుడి భుజం మొత్తం తడిసింది. గొడుగు ఒకటే, కానీ ఎవరికి వారు దాన్ని అవతలి మనిషి మీదికే నెడుతూ వచ్చినట్టున్నారు.

"ఎవరమ్మా ఈయన?"

ఆమె నోరు తెరిచింది. ఏ మాట వాడాలో తోచలేదు. లెక్కల మాస్టరు అంటే సరిపోదు. ఇంకోటి ఇంకా ఎవరూ పెట్టలేదు. ఆమె అలా చూస్తుండగానే బాబాయి ఆ తడిసిన భుజాన్ని, ఈ తడిసిన భుజాన్ని ఇంకోసారి చూసి, కళ్ళద్దాలు జేబులో పెట్టుకున్నాడు.

"సర్లే, చెప్పక్కర్లేదు. నాకర్థమైంది" అన్నాడు. "ఆదివారం ఇంటికి రండి మాస్టారూ. మా అన్నయ్యని కూడా పిలుస్తాను."

లెక్కల మాస్టరు బిక్కముఖం వేసుకుని ఆమె వైపు చూశాడు. చుట్టూ చూసి ఊహించేవాళ్ళంటే అతనికి ఇప్పుడు నమ్మకం పోయింది మరి.

"ఔనా, కాదా?" అన్నాడు మెల్లిగా.

"ఔను" అందామె, బండి ఎక్కుతూ. ఆ రోజు అద్దంలో చూడలేదు. వెనక్కి తిరిగే చూసింది.